పొలంలో పదో వంతు

అమెరికా నడిబొడ్డున ఉన్న అయోవాకు 1830లలో వలసదారులు బండ్లు కట్టుకుని వచ్చేనాటికి అక్కడ ముప్పాతిక వంతుకు పైగా నేల గడ్డి మైదానమే. మనిషిని మించి ఎదిగే గడ్డి, ఆ గడ్డిలో వందల రకాల పూలమొక్కలు, వాటిని మేస్తూ తిరిగే బైసన్ మందలు. ప్రైరీ అని దాని పేరు. ఇవాళ అందులో వెయ్యో వంతు కూడా లేదు. మిగిలిన ఆ కాస్తా రైలు పట్టాల పక్కన, యంత్రం ఎక్కలేని వాలుల మీద, తొలి వలసదారుల శ్మశానాల్లో ఉంది. సమాధుల మధ్య ఎవరూ నాగలి పట్టరు గనక అక్కడ గడ్డి బతికిపోయింది.

ఆ నల్లటి నేల మొదట్లో అంత తేలిగ్గా లొంగలేదు. జిగురు మట్టి పోత ఇనుప నాగలికి అంటుకుపోయేది. నాలుగు అడుగులకోసారి ఆగి గీకి తీయాల్సి వచ్చేది. 1837లో పొరుగునున్న ఇలినాయ్‌లో జాన్ డీర్ అనే కమ్మరి నున్నటి ఉక్కు నాగలి చేశాక పని సుళువైంది. మన ఊళ్లలో తిరిగే ఆకుపచ్చ ట్రాక్టర్ల మీద కనిపించే పేరు ఆ కమ్మరిదే. ఎత్తు నేలలు ఉక్కు నాగలికి లొంగాయి. పల్లపు నేలల్లో భూమి కింద మట్టి గొట్టాలు పరిచి, నిలవనీరు కాలువల్లోకి మళ్లించారు. రెండు మూడు తరాల కాలంలో ఒక రాష్ట్రమంత గడ్డి మైదానం మొక్కజొన్న చేనైపోయింది. ఇప్పుడు అక్కడ మొక్కజొన్న, సోయా కలిపి దాదాపు 2.3 కోట్ల ఎకరాలు.

ఆ పంటను మోస్తున్న నల్లమట్టిని తయారుచేసింది మాత్రం గడ్డే. వేల ఏళ్లపాటు ఏటా కొన్ని వేళ్లు చచ్చి కుళ్లి, కొత్తవి దిగి, అడుగుల లోతున సారం పేరుకుంది. దాని మీద నూటయాభై ఏళ్లుగా పంట తీస్తున్నారు. అమెరికా మొక్కజొన్న ప్రాంతంలో దాదాపు మూడో వంతు సాగునేల తన పైమట్టి పొరను పూర్తిగా పోగొట్టుకుందని 2021లో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ఒక పరిశోధన తేల్చింది. ముఖ్యంగా మెరకల మీద, వాలుల నెత్తిన, కింది లేత రంగు మన్ను బయటపడింది. కొట్టుకుపోయిన మట్టిలో కొంత వాలు కిందే ఆగింది. కొంత మాత్రం ఎరువుల భాస్వరంతో, నత్రజనితో కలిసి మిసిసిపీ నదిలో పడి, మెక్సికో సింధుశాఖ దాకా పోతోంది. అక్కడ ప్రతి వేసవిలో ప్రాణవాయువు అందక చేపలు బతకలేని నీటి ప్రాంతం ఏర్పడుతోంది. అందులో అయోవా పొలాల వాటా చిన్నది కాదు.

ఈ నేపథ్యంలో అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు అడిగిన ప్రశ్న చిన్నది. పొలమంతా మళ్లీ గడ్డిగా మార్చమని ఎవరూ అడగలేరు. కొంచెం మారిస్తే? ఆ కొంచెం ఎంత?

ప్రయోగానికి దొరికిన చోటుకు కూడా ఒక కథ ఉంది. ప్రైరీ సిటీ అనే చిన్న ఊరి పక్కన ఒక విద్యుత్ కంపెనీ అణు కేంద్రం కోసం వేల ఎకరాలు సేకరించి, తరవాత ఆ ఆలోచన మానుకుంది. 1990ల మొదట్లో ఆ భూమి ప్రభుత్వం చేతికి వచ్చి వన్యప్రాణుల ఆశ్రయమైంది. దాని కోసం పాటుపడిన కాంగ్రెస్ సభ్యుడు నీల్ స్మిత్ పేరే ఇప్పుడు దానికుంది. గడ్డి మైదానాన్ని తిరిగి లేపడం దాని పని. ఆ భూమిలోనే ఇంకా సేద్యం జరుగుతున్న వాలుల్లో 12 చిన్న పరీవాహక ప్రాంతాలను ఎంచుకుని 2007లో ప్రైరీ గడ్డి పట్టీలు నాటారు. కొన్నిటిలో పట్టీలే లేవు, మొత్తం పంటే. కొన్నిటిలో పదో వంతు ప్రైరీ, కొన్నిటిలో ఐదో వంతు. కొన్నిచోట్ల పట్టీ అంతా వాలు అడుగున, కొన్నిచోట్ల అడ్డంగా రెండు మూడు వరసల్లో. ప్రతి వాలు అడుగున వాన నీరంతా ఒక్కచోట నుంచే పోయేలా కొలతతూము కట్టారు.

పెద్ద వాన వెలిసిన తరవాత ఆ తూముల దగ్గర తీసిన ఫొటోలు ఏ గణాంకాలకన్నా ముందు ఆ ప్రాంత రైతుల్ని ఆగి చూసేలా చేశాయి. పంట మాత్రమే ఉన్న వాలు కింద తూము నోట్లో నల్లటి ఒండ్రు కుప్పపడి ఉంది. పట్టీ ఉన్న వాలు కింద తూము అడుగు కనబడేంత తేటగా నీరు. ఇక్కడ గమనించాల్సిన మాట ఒకటుంది. ఈ పొలాల్లో పంట కూడా దున్నకుండానే వేశారు. దుక్కి మానేస్తే నేల నిలుస్తుందని మన దగ్గరా చెబుతుంటారు. నిలుస్తుంది కొంతవరకు. వాలు మీద గట్టి వాన పడితే అది ఒక్కటే చాలదని ఆ ఒండ్రు కుప్ప చెప్పింది.

2017లో వెలువడిన లెక్కలు చూస్తే, పొలంలో పదో వంతుకు ప్రైరీ పట్టీ వేసినందుకు పొలం దాటిపోయే నీరు 37 శాతం తగ్గింది. పూర్తి పంట పొలంతో పోలిస్తే 20 రెట్లు ఎక్కువ మట్టి, 4.3 రెట్లు ఎక్కువ భాస్వరం పొలంలోనే నిలిచాయి. పరాగ సంపర్కం చేసే పురుగుల సంఖ్య 3.5 రెట్లు, స్థానిక పక్షుల రకాలు 2.1 రెట్లు పెరిగాయి. పట్టీని ఐదో వంతుకు పెంచితే లాభం ఆ లెక్కన రెట్టింపు కాలేదు. పదో వంతుతోనే పనిలో ఎక్కువ భాగం అయిపోయింది. ఇచ్చిన నేలకు వచ్చిన ఫలితానికి ఇంత తేడా ఉన్న ఉపాయం సేద్యంలో అరుదు.

అంత చేసే శక్తి ఆ గడ్డికి ఎక్కడిది? మామూలు మేత గడ్డి వాననీటి జోరుకు నేలకు ఒరిగిపోతుంది. నీరు దాని మీదుగా జారిపోతుంది. బిగ్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్ వంటి ప్రైరీ గడ్డి కాడలు గట్టివి. వరదలో కూడా దువ్వెన పళ్లలా నిటారుగా నిలబడతాయి. నీటి వేగం విరిగి, మోసుకొచ్చిన మట్టి పట్టీ ఎగువనే దిగిపోతుంది. వేళ్లు మనిషి లోతును మించి పోతాయి గనక నీరు ఇంకడానికి దారులుంటాయి. ఒక్కో జాతి వేరు ఒక్కో లోతున ఉంటుంది. ఒక్క రకం గడ్డి వేసి ఊరుకుంటే ఇంత పని జరగదు. పట్టీలో పదుల రకాల విత్తనాలు కలిపి చల్లేది అందుకే.

ఇక పూల సంగతి. సోయా పూత మీద ఉన్నన్నాళ్లు, గట్ల వెంట క్లోవర్ పూసినన్నాళ్లు, అయోవాలో తేనెటీగలకు తిండికి కొదవ లేదు. ఆగస్టు వచ్చేసరికి పూత అయిపోతుంది. కనుచూపు మేర పచ్చగానే ఉంటుంది, తినడానికి మాత్రం ఏమీ ఉండదు. వేసవంతా బరువెక్కిన తేనెపట్టు శీతాకాలం ముందు తన సొంత తేనె తిని చిక్కిపోతుంది. ఆగస్టులో అలాంటి తేనెపట్లను తీసుకెళ్లి ప్రైరీ పక్కన పెడితే మళ్లీ కోలుకున్నాయని అక్కడి పరిశోధకులే 2019లో చూపించారు. ప్రైరీలో ఏదో ఒకటి వసంతం నుంచి మంచు పడేదాకా పూస్తూనే ఉంటుంది. అలాగే మొనార్క్ సీతాకోకచిలుక. మెక్సికో కొండల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చే దాని సంతతి గుడ్లు పెట్టడానికి మిల్క్‌వీడ్ ఒక్కటే కావాలి. మన జిల్లేడు కుటుంబపు మొక్క అది. కలుపు మందును తట్టుకునే మొక్కజొన్న, సోయా వచ్చాక చేలల్లో ఆ మొక్క కనుమరుగైంది. పట్టీలో దానికి చోటుంది.

ఇంతవరకు లాభమే. ఇప్పుడు ఖర్చు మాట చెప్పుకోవాలి. పర్యావరణం గురించి రాసేవాళ్లు (మేమూ అందులో ఉన్నాం) సాధారణంగా ఇక్కడ గొంతు తగ్గిస్తారు.

విత్తనం ఖరీదు ఉంటుంది, నేల సిద్ధం చేసే పని ఉంటుంది. మొదటి ఏడు పట్టీ చూడ్డానికి కలుపు మొక్కల చెత్తకుప్పలా ఉంటుంది. ప్రైరీ మొక్క ముందు వేరు మీద పని చేసుకుంటుంది, పైన వేలెడు కూడా కనబడదు. ఆ మధ్యలో కలుపు దానికి నీడ కమ్మకుండా మూడు నాలుగు సార్లు కోసేయాలి. మూడేళ్లకు గానీ పూలు కనబడవు. కలుపు లేని చేనును బట్టి రైతు గౌరవం కొలిచే అలవాటు మన ఊళ్లకే ప్రత్యేకం కాదు. చాళ్లు గీత గీసినట్టుండే అయోవాలో మూడేళ్లపాటు పక్కింటివాడి చూపును తట్టుకోవడం కూడా ఖర్చే. దాన్ని ఏ లెక్కల పుస్తకంలోనూ రాయరు. 2016లో మరో దెబ్బ తగిలింది. పూలమొక్కల పెంపకం కోసం అమ్మిన కొన్ని విత్తన మిశ్రమాల్లో పామర్ అమరాంత్ విత్తనం కలిసి వచ్చింది. తోటకూర జాతికి చెందిన మహా మొండి కలుపు అది. చాలా కలుపు మందులకు లొంగదు, ఒక్క మొక్క లక్షల గింజలు రాలుస్తుంది. నేలకు మేలు చేద్దామని ముందుకొచ్చిన రైతుకే ఆ శిక్ష పడింది. తరవాత విత్తన పరీక్షలు కట్టుదిట్టం చేశారు. ఆ భయం మాత్రం మాటల్లో ఇంకా తిరుగుతోంది.

పట్టీ నిలదొక్కుకున్నాక కూడా వదిలేస్తే కుదరదు. కొన్నేళ్లకోసారి కోయాలి, లేదా నిప్పు పెట్టాలి. మూలవాసులు వందల ఏళ్లు చేసిన పని అదే. నిప్పు లేకపోతే చెట్లు, పొదలు కమ్ముకుంటాయి. పక్క చాళ్లలో చల్లే మందు గాలికి ఇటు రాకుండా చూసుకోవాలి. పెద్ద యంత్రాలు అటూ ఇటూ తిరిగేలా పట్టీల మధ్య దూరం సరిపెట్టుకోవాలి.

ఇవన్నీ కలిపినా అసలు ఖర్చు ముందు చిన్నవే. అసలు ఖర్చు పంట వేయని నేల. అయోవాలో ఇటీవల ఎకరా కౌలు సగటున ఏడాదికి 270, 280 డాలర్ల మధ్య నడుస్తోంది. ఆ నేలను గడ్డికి ఇస్తే రైతు వదులుకునేది ముందుగా అది. దిగుబడి మీద ప్రయోగం చెప్పింది కూడా సూటిగానే ఉంది. పదో వంతు నేల తగ్గితే పదో వంతు పంటే తగ్గింది. అంతకు మించి పోలేదు. కానీ తేనెటీగలు పెరిగాయి కదా, మిత్రపురుగులు పెరిగాయి కదా, మిగిలిన తొమ్మిది వంతుల్లో దిగుబడి పెరిగి ఆ లోటు పూడుతుందా అంటే, పూడలేదు. పట్టీ తన ఖర్చు తానే తెచ్చుకుంటుందని ఎవరైనా రైతుకు చెబితే అది నిజం కాదు. ఏ పొలంలోనైనా పెట్టిన ఎరువు కూడా తిరిగి రాని మూలలు, చవుడు పల్లాలు, కోసుకుపోయిన మెరకలు ఉంటాయి. పట్టీ అక్కడ వేస్తే నష్టం బాగా తగ్గుతుంది. ఈ సలహా మాత్రం గట్టిది.

పైగా అయోవా సాగునేలలో సగానికి పైగా కౌలు భూమే. మూడింట రెండు వంతుల భూమి 65 ఏళ్లు దాటినవాళ్ల పేరు మీద ఉంది. వాళ్లలో చాలామంది ఊళ్లో ఉండరు. కౌలు కాగితం ఏడాదికోసారి మారే రైతు మూడేళ్లకు పూసే గడ్డి ఎందుకు వేస్తాడు? భూమి ఆసామికేమో ఏటా వచ్చే కౌలు ముఖ్యం. మట్టి పోవడం ఇద్దరికీ కనబడుతుంది, ఎవరి ఖాతాలోనూ ఆ ఏడు ఖర్చుగా పడదు.

లాభం ఎక్కడికి పోతోందో చూస్తే చిక్కు ఇంకా తేటపడుతుంది. అయోవా రాజధాని డి మొయిన్ నగరం తాగేది రాకూన్, డి మొయిన్ నదుల నీరు. ఎగువ పొలాల నుంచి వచ్చే నైట్రేటు తీసేయడానికి అక్కడి నీటి సంస్థకు పెద్ద శుద్ధి కేంద్రమే కావాల్సి వచ్చింది. 2015లో ఆ సంస్థ ఎగువనున్న మూడు కౌంటీల్లో పొలాల మురుగు నీటి కాలువలు చూసే సంస్థల మీద కోర్టుకెళ్లింది. 2017లో కేసు కొట్టేశారు. 2025 జూన్‌లో నైట్రేటు మళ్లీ పెరిగి, ఇళ్ల ముందు పచ్చిక తడపొద్దని ఆ ప్రాంతమంతా ఆంక్ష పెట్టారు. తేటనీరు దిగువ నగరానికి, చేపలు సింధుశాఖ జాలరికి, సీతాకోకచిలుక అందరికీ. పోయిన పదో వంతు పంట మాత్రం ఒక్క రైతుకు.

నిజానికి నైట్రేటు విషయంలో పట్టీ మీద మరీ ఆశ పెట్టుకోకూడదు. పట్టీ ఆపేది నేల మీద పారే నీటిని. నైట్రేటులో అధిక భాగం భూమి కింద వేసిన ఆ పాత గొట్టాల గుండా పట్టీ వేళ్లకు అందకుండా నేరుగా కాలువలో పడుతుంది. దానికి కాలువ గట్ల దగ్గర చిత్తడి కుంటలు కట్టడం లాంటి వేరే మందులున్నాయి. పట్టీని సర్వరోగ నివారిణిలా అమ్మితే మొదటికే మోసం వస్తుంది.

అమెరికా ప్రభుత్వం దీనికి ఒక దారి చూసింది. నేలను సాగు నుంచి తప్పించినందుకు రైతుకు కౌలు చెల్లించే పథకం అక్కడ 1985 నుంచి ఉంది. 2018 వ్యవసాయ చట్టం ప్రైరీ పట్టీలను ఆ పథకంలో చేర్చింది. 2019 చివర్లో దరఖాస్తులు మొదలయ్యాయి. పట్టీ వెడల్పు 30 అడుగుల నుంచి 120 అడుగులు, ఒప్పందం 10 నుంచి 15 ఏళ్లు, నాటే ఖర్చులో సగం దాకా ప్రభుత్వానిది, ఏటా కౌలు వేరు. ఈ పరిశోధన బృందాన్ని నడిపిన లీసా షుల్టీ మూర్‌కు 2021లో మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది. ఆమెకు వచ్చిన ఆ గౌరవంకన్నా, గడ్డికి కౌలు కట్టొచ్చని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడమే మాకు పెద్ద విషయంగా కనిపిస్తోంది.

మన సంగతి వేరు. అయోవాలో సగటు కమతం 345 ఎకరాలు. తెలుగు రాష్ట్రాల్లో రెండున్నర ఎకరాల లోపే. అందులో పదో వంతు అంటే పాతిక సెంట్లు, తెలంగాణ లెక్కలో పది గుంటలు. జానెడు గట్టు జరిపాడని అన్నదమ్ములు కోర్టులకెక్కే చోట పాతిక సెంట్లు గడ్డికి వదలమని చెప్పడం హాస్యాస్పదం. అయినా గట్టు మన దగ్గర ఎప్పుడూ ఖాళీగా లేదు. వరి గట్ల మీద కంది, మిరప చుట్టూ ఆముదం, బంతి, జొన్న వరసలు మన రైతులు వేస్తూనే వచ్చారు. పొగాకు లద్దె పురుగు ముందు ఆముదం ఆకు మీదకే పోతుందని రైతుకు తెలుసు. ట్రాక్టరు తిరగడానికని గట్లు చెక్కేయడం, మిగిలిన గట్టు మీద కలుపు మందు కొట్టి ఎండబెట్టడం ఈ మధ్య కాలపు అలవాటు.

ఖర్చు ఒకరిది, లాభం అందరిదీ అయినప్పుడు ఏమవుతుందో మన పత్తి రైతు ఇదివరకే చూశాడు. బీటీ పత్తి 450 గ్రాముల ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం పొట్లం ఇచ్చేవారు. పురుగులకు బీటీని తట్టుకునే శక్తి రాకుండా చేను చుట్టూ ఆ విత్తనం వేయాలని నిబంధన. ఆ వరసలకు పురుగు పడుతుంది, ఆ మేరకు రైతు నష్టపోతాడు. ఆ నష్టానికి ఎవరూ రూపాయి ఇవ్వలేదు. పొట్లాలు గట్ల మీద పారేశారు, లేదా విప్పనే లేదు. గులాబీ రంగు పురుగు బీటీని జయించడానికి అదొక్కటే కారణం కాదు గానీ, అది పెద్ద కారణాల్లో ఒకటి. రైతును తప్పు పట్టడం తేలిక. నిబంధన రాసినవాళ్లు ఖర్చు ఎవరిదో రాయడం మరిచిపోయారు.

గడ్డి మైదానాలు మనకూ ఉన్నాయి. రికార్డుల్లో వాటిని బంజరుగా రాసుకున్నాం, అంతే. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టుకున్నాం. ఇప్పుడక్కడ ఆ పిట్ట కనబడటమే గగనమైంది. చుట్టూ ఉన్న గడ్డి నేలలు సాగులోకో, మరో అవసరానికో పోతుంటే కంచె లోపలి నేల ఒక్కటే దాన్ని కాపాడలేకపోయింది.

ప్రకృతి సేద్యం పేరుతో, వాటర్‌షెడ్ల పేరుతో రెండు రాష్ట్రాల్లోనూ డబ్బు ఖర్చవుతూనే ఉంది. అందులో కొంత, వాలు నేలల్లో గట్టును వెడల్పుగా ఉంచి, దాని మీద స్థానిక గడ్డి, పప్పు జాతి మొక్కలు నిలబెట్టిన రైతుకు నేరుగా చేరాలి. ఆ గట్టును కాపాడుతున్నది కౌలు రైతయితే డబ్బు అతని చేతికే రావాలి. సెంటుకు ఇంత అని ముందే చెప్పి, ఏటా వేళకు ఇవ్వాలి. అవగాహన సదస్సులు తరవాత పెట్టుకోవచ్చు.

ఇక అయోవాలో ఆ పథకం కింద పదేళ్లకు సంతకం చేసిన తొలి రైతుల గడువు 2030లో తీరుతుంది. ఒప్పందం పొడిగించకపోతే పట్టీని దున్నేసుకునే హక్కు వాళ్లకు ఉంది. ఆ ఏడాది మొక్కజొన్న ధర ఎంత ఉంటుందో, ప్రభుత్వం ఇచ్చే కౌలు ఎంత ఉంటుందో చూసుకుని వాళ్లు నిర్ణయం తీసుకుంటారు.